గ్రీన్ దగ్గరకొచ్చాక పోయే షాట్లు: షార్ట్ గేమ్ అసలు లెక్క

గోల్ఫ్ స్కోరు తగ్గాలంటే షార్ట్ గేమ్ మీద, అంటే హోల్ ఉండే నున్నటి గడ్డి (గ్రీన్) చుట్టుపక్కల నుంచి కొట్టే చిన్న షాట్ల మీద, పడమని చెప్పని సీనియర్ ఏ గోల్ఫ్ క్లబ్బులోనూ ఉండడు. మనం ప్రాక్టీస్ రేంజిలో డ్రైవర్ (అన్నింటికన్నా దూరం కొట్టే క్లబ్) పట్టుకుని బాదుతుంటే వెనక నుంచి వచ్చి మరీ చెబుతాడు. ఆయన లెక్క సులువు: కొట్టే షాట్లలో సగానికి పైగా వంద గజాల లోపలే ఉంటాయి, కాబట్టి ప్రాక్టీసులో సగమైనా అక్కడ పెట్టాలి.

వంక పెట్టడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ అమెరికాలో ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్ షాట్ల వివరాలన్నీ ముందేసుకుని లెక్కగడితే వేరే సంగతి తేలింది. బాగా ఆడేవాడికీ, అంతంతమాత్రంగా ఆడేవాడికీ స్కోరులో వచ్చే తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాల బయట నుంచి కొట్టే షాట్లదే. షార్ట్ గేమ్, పట్టింగ్ (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించడం) రెండూ కలిపినా మిగిలిన ఒక వంతే. ఆయన పద్ధతి పేరు స్ట్రోక్స్ గెయిన్డ్. 2011లో పీజీఏ టూర్ పట్టింగ్ లెక్కలకి దాన్ని అధికారికంగా తీసుకుంది. ఇప్పుడు టీవీలో ప్రతి టోర్నీలోనూ కనిపించేవి ఆ అంకెలే.

అయితే సీనియర్ చెప్పింది అబద్ధమా? కాదు. ఆయన షాట్లు లెక్కపెడుతున్నాడు, బ్రాడీ తేడాలు లెక్కపెట్టాడు. ఒక రౌండులో మీరు కొట్టే పట్‌లలో చాలానే అడుగు, రెండడుగుల నుంచి కొట్టేవి. అవి మీరూ వేస్తారు, టైగర్ ఉడ్సూ వేస్తాడు. షాట్ల సంఖ్యలో అవి బోలెడు, ఇద్దరి మధ్య తేడాలో మాత్రం సున్నా.

మరి వారానికోసారి ఆడేవాడు షార్ట్ గేమ్ మీద ఎందుకు కూర్చోవాలి? మొదటి కారణం ఖర్చు. యాభై దాటి, మోకాలు సహకరించని మనిషి డ్రైవ్‌కి ముప్ఫై గజాలు కలపాలంటే ఏళ్లు పడుతుంది, కోచ్ కావాలి, అప్పటికీ గ్యారంటీ లేదు. ఇరవై గజాల చిప్‌కి (గ్రీన్ పక్క నుంచి బంతిని కొద్దిగా లేపి దొర్లించే షాట్) బలంతో పనిలేదు. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. గ్రీన్ దగ్గర మనం పోగొట్టుకునేది కొంచెం కొంచెంగా పోదు. ఒక్క హోల్ మీద రెండు, మూడు షాట్లు ఒకేసారి పోతాయి.

దీన్ని అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది. పీజీఏ టూర్ ఆటగాళ్లు మూడడుగుల పట్‌ని నూటికి 96 సార్లు వేస్తారు. ఎనిమిది అడుగుల నుంచి సగం సార్లే వేస్తారు. ఇరవై అడుగుల నుంచి నూటికి పదిహేను దగ్గర ఆగిపోతారు. అంటే ప్రపంచంలోకెల్లా మేటి ఆటగాడు చిప్‌ని జెండాకి పదిహేను అడుగుల్లో కాకుండా ఎనిమిది అడుగుల్లో ఆపితే అతనికి కలిసొచ్చేది సగటున పావు స్ట్రోకు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అదే చిప్‌లో క్లబ్ ముందు నేలకి తగిలి బంతి రెండు గజాలు దొర్లి ఆగిపోతే పోయేది దాదాపు పూర్తి స్ట్రోకు. బంతి తలకి తగిలి గ్రీన్ దాటి అవతలి బంకర్లో (ఇసుక గుంటలో) పడితే ఒకటి కన్నా ఎక్కువే.

18 హోల్స్‌కి 90 స్కోరు చేసేవాడికి ఈ తేడా ఇంకా పెద్దది. అతను సగం సార్లు పట్ వెయ్యగలిగే దూరం అయిదడుగులే. కాబట్టి చిప్‌ని పన్నెండు అడుగుల నుంచి ఎనిమిది అడుగులకి తెచ్చినా అతని స్కోరులో పెద్దగా మార్పు రాదు. మారేది మొదటి చిప్‌తోనే బంతి గ్రీన్ మీదకి చేరితే. నా దృష్టిలో షార్ట్ గేమ్ మెరుగుపడటం అంటే ఇదే: దాదాపు ఒకే చోట నుంచి రెండోసారి కొట్టాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం. బంతి జెండా పక్కకెళ్లి ఆగడం ఆ తర్వాతి సంగతి. కింద చెప్పేదంతా ఈ దృష్టితోనే చదవండి.

పెద్ద ఆటగాళ్లు కూడా గ్రీన్ మిస్సవుతారన్నది గుర్తుంచుకోవాలి. టూర్ సగటు తీసుకుంటే 18 గ్రీన్లలో పన్నెండు దగ్గర మాత్రమే రెగ్యులేషన్‌లో, అంటే పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల సంఖ్య) కన్నా రెండు తక్కువ షాట్లలో, తగులుతాయి. మిగతా ఆరు చోట్లా వాళ్లకీ చిప్‌లూ బంకర్లే. అక్కడ నుంచి పార్ కాపాడుకునేది నూటికి అరవై సార్లు. టీవీలో చూపించేది ఆ అరవైనే కాబట్టి మనకి వందకి వందా అనిపిస్తుంది.

ఏ క్లబ్ తియ్యాలి

తప్పు చాలావరకు స్వింగ్ మొదలవకముందే జరిగిపోతుంది. గ్రీన్ అంచుకి మూడడుగుల దూరంలో, గడ్డి పొట్టిగా ఉన్నచోట బంతి ఉంది. మధ్యలో అడ్డమేమీ లేదు. అయినా బ్యాగులోంచి 60 డిగ్రీల వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) బయటికొస్తుంది. ఎందుకంటే అమెరికన్ మేటి ఆటగాడు ఫిల్ మికెల్సన్ తీస్తాడు. ఆయన ఆ షాట్ చిన్నప్పటి నుంచి పెరట్లో వేల సార్లు కొట్టాడన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాదు.

పాత కోచ్‌ల నియమం ఇప్పటికీ చెల్లుతుంది. పట్టర్‌తో దొర్లించగలిగితే దొర్లించండి. కుదరకపోతే కొద్దిగా లేపి దొర్లించండి. అదీ కుదరకపోతేనే ఎత్తుగా లేపండి. చెత్త పట్ సాధారణంగా చెత్త చిప్ కన్నా హోల్‌కి దగ్గరగానే ఆగుతుంది. గ్రీన్ బయట నుంచి పట్టర్ వాడితే చిన్నతనం అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. బ్రిటన్ సముద్రతీర కోర్సుల్లో ముప్ఫై గజాల నుంచి కూడా ప్రొఫెషనల్స్ పట్టర్ తీస్తారు, వాళ్లని ఎవరూ నవ్వరు.

చిప్ చెయ్యాల్సి వస్తే క్లబ్ ఎంపికకి ఒక మోటు లెక్క ఉంది, 12 సూత్రం అంటారు. పన్నెండులోంచి ఐరన్ (ఇనుప తల ఉన్న క్లబ్) నంబరు తీసేస్తే, బంతి గాల్లో ఒక పాలు వెళితే నేల మీద ఎన్ని పాళ్లు దొర్లుతుందో వస్తుంది. ఎనిమిది ఐరన్‌తో ఒకటికి నాలుగు, తొమ్మిదితో ఒకటికి మూడు. పిచింగ్ వెడ్జ్‌ని పదిగా లెక్కేసుకుంటే ఒకటికి రెండు, శాండ్ వెడ్జ్‌తో ఒకటికి ఒకటి. ఇది చదునుగా, మరీ వేగంగా లేని గ్రీన్ మీద చెల్లే లెక్క.

ఓ ఉదాహరణ. బంతి గ్రీన్ అంచుకి మూడంగల దూరంలో ఉంది. అంచు నుంచి జెండాకి పన్నెండు అంగలు. బంతి మొదట పడాల్సింది గ్రీన్ లోపల ఒక అంగ తర్వాత, ఎందుకంటే అక్కడ నేల సమంగా ఉంటుంది, గడ్డిలో పడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. అంటే గాల్లో నాలుగంగలు, దొర్లేది పదకొండు. దాదాపు ఒకటికి మూడు. తొమ్మిది ఐరన్ తియ్యండి. గ్రీన్ ఎగువకి ఉంటే ఎనిమిది, దిగువకి ఉంటే పిచింగ్ వెడ్జ్. ఇప్పుడు మీ కళ్లు జెండా మీద కాకుండా ఆ నాలుగంగల చోటు మీద ఉంటాయి. గురి చిన్నదైంది, దగ్గరకొచ్చింది, చెయ్యాల్సిన పని తేలికైంది.

ఇక్కడ రెండో వాదన కూడా ఉంది. స్పెయిన్‌లో పెద్రేన్యా అనే ఊళ్లో సెవె బాయెస్తెరోస్ చిన్నప్పుడు సముద్రపు ఇసుకలో ఒకే ఒక్క మూడు ఐరన్‌తో అన్ని రకాల షాట్లూ నేర్చుకున్నాడు. గ్రీన్ చుట్టూ అంతటి మాయ చేసిన ఆటగాడు మళ్లీ రాలేదనే చాలామంది అంటారు. అందుకే కొందరు కోచ్‌లు ఒకే వెడ్జ్‌ని పట్టుకుని, ఫేస్ (బంతిని తాకే ముఖం) తెరుస్తూ మూస్తూ అన్నీ దాంతోనే కొట్టమంటారు. రోజంతా బీచ్‌లో గడిపే కుర్రాడికి అది మంచి సలహాయే. వారానికి ఓ గంట దొరికే ఉద్యోగికి మాత్రం స్ట్రోకు ఒకటే ఉంచుకుని క్లబ్ మార్చడమే మేలని నా అభిప్రాయం. అయిదారు రకాల స్ట్రోకులు నేర్చుకునే కన్నా అయిదారు క్లబ్బుల దొర్లుడు తెలుసుకోవడం చాలా తేలిక.

నేలకి తగిలినా, తలకి తగిలినా జబ్బు ఒకటే

చిప్ చెడిపోయే తీరు రెండు రకాలు. క్లబ్ బంతికి వెనకే నేలలో దిగబడి బంతి కదలకుండా ఉండిపోవడం ఒకటి. క్లబ్ అంచు బంతి నడుముకి తగిలి బంతి గ్రీన్ మీదుగా దూసుకుపోవడం రెండోది. ఒకదానికి ఒకటి పూర్తిగా ఎదురుగా కనిపిస్తాయి కాబట్టి మనం ఒకదానికి మందు వేసుకోబోయి రెండోదాన్ని తెచ్చుకుంటాం. నేలకి తగిలిందని తర్వాతి దాన్ని పైకి లాగుతాం, అది తలకి తగులుతుంది.

నిజానికి రెండింటికీ మూలం ఒకటే. స్వింగ్‌లో క్లబ్ తల గుండ్రంగా కిందికి వచ్చి మళ్లీ పైకి వెళుతుంది. అది అన్నింటికన్నా కిందకి దిగే చోటు బంతికి కాస్త ముందు ఉండాలి. బంతిని గాల్లోకి లేపాలన్న ఆత్రంలో ఒంటి బరువు వెనక్కాలు మీదకి వెళ్లిపోతుంది, మణికట్లు పైకి తిరుగుతాయి. దాంతో ఆ కింది చోటు బంతికి వెనక్కి జరుగుతుంది. క్లబ్ నేలని తాకితే మొదటి జబ్బు. తాకకుండా దాటి పైకి లేస్తూ వచ్చి బంతి నడుముకి తగిలితే రెండోది. ఆ రెండింటికీ మధ్య తేడా అర అంగుళం కూడా ఉండదు.

మందు కూడా ఒకటే. మొదలుపెట్టేటప్పుడే బరువు ముందుకాలు మీద ఉంచి, బంతి వెళ్లిపోయేదాకా అక్కడే ఉంచడం. కుడిచేతి వాటం వాళ్లకి ముందుకాలంటే ఎడమకాలు. చొక్కా బొత్తాలు బంతికి కాస్త ముందుకి చూస్తుండాలి. బంతిని లేపే పని మీది కాదు, 56 డిగ్రీల ఇనుము దానంతట అదే లేపుతుంది. పరీక్ష కావాలంటే బంతికి ఒక జానెడు వెనక టవల్ మడిచి పెట్టండి. టవల్ కదలకుండా వరసగా పది చిప్‌లు కొట్టగలిగితే సగం సమస్య తీరినట్టే.

ఈ పరీక్ష గడ్డి మీదే చెయ్యాలి. రేంజిలో ప్లాస్టిక్ మ్యాట్ మీద క్లబ్ రెండంగుళాలు వెనక పడినా జారి ముందుకెళ్లి బంతికి తగులుతుంది, మంచి షాట్ కొట్టామనే అనిపిస్తుంది. మ్యాట్ మీద ఆరు నెలలు చిప్‌లు కొట్టి కోర్సులో నేలని తవ్వేవాళ్లు మనకి కొత్త కాదు.

ఇక బౌన్స్ సంగతి. మీ శాండ్ వెడ్జ్‌ని తీసి టేబుల్ మీద నిటారుగా ఆనించి పక్క నుంచి చూడండి. ముందంచు టేబుల్‌కి తగలదు, కాస్త ఎత్తులో ఉంటుంది. అడుగు వెనక భాగమే ఆనుతుంది. ఈ వాలునే బౌన్స్ అంటారు. చాలా వెడ్జ్‌ల మీద లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) పక్కన ఈ అంకె కూడా చెక్కి ఉంటుంది: 56, 10 అంటే లాఫ్ట్ 56 డిగ్రీలు, బౌన్స్ 10. క్లబ్ నేలలో దిగబడకుండా జారిపోవడానికి కంపెనీ వాడు డబ్బు తీసుకుని మరీ పెట్టిన భాగమిది.

బంతిని వెనక్కాలు దగ్గర పెట్టి, చేతులు బాగా ముందుకి నెట్టి కొట్టమనే సలహా విననివాళ్లు లేరు. అందులో ఏం జరుగుతుందో చూడండి. క్లబ్ కర్రని 10 డిగ్రీలు ముందుకి వంచితే లాఫ్ట్ 46 అవుతుంది, బౌన్స్ సున్నా అవుతుంది. ఇప్పుడు నేలకి ఎదురుగా ఉన్నది కత్తిలాంటి ముందంచే. ఒక్క గింజంత వెనక తగిలినా దిగబడుతుంది. చేతులు బంతికి కొద్దిగా ముందు, బెల్టు బకిల్‌కి ఎడమగా ఉంటే చాలు. అప్పుడు బౌన్స్ పనిచేస్తుంది, చిన్న తప్పుని అదే క్షమిస్తుంది.

మన ఎండలూ వానలూ ఇందులో ఇంకో మెలిక పెడతాయి. మే నెలలో హైదరాబాద్‌లో నేల రాయిలా గట్టిపడితే ఎక్కువ బౌన్స్ ఉన్న క్లబ్ ఎగిరి బంతి తలకి తగులుతుంది. అప్పుడు శాండ్ వెడ్జ్ పక్కన పెట్టి తొమ్మిది ఐరన్‌తో దొర్లించడం క్షేమం. ఆగస్టులో తడినేల మీద ఇదే తిరగబడుతుంది, తక్కువ బౌన్స్ ఉన్న క్లబ్ మట్టిలో కూరుకుపోతుంది. 4 నుంచి 6 డిగ్రీలు తక్కువ, 10 దాటితే ఎక్కువ అని స్థూలంగా అనుకోవచ్చు. రెండు వెడ్జ్‌లు కొనేటప్పుడు రెండింటికీ ఒకే బౌన్స్ తీసుకోకపోవడం మంచిది.

కొనడం మాట వచ్చింది కాబట్టి: ఈ మధ్య సెట్లలో వచ్చే పిచింగ్ వెడ్జ్‌కి లాఫ్ట్ 43, 44 డిగ్రీలకి దిగిపోయింది. దూరం ఎక్కువ వెళ్లినట్టు కనిపించాలి కదా, అమ్మకాలు జరగాలి. దాని తర్వాత నేరుగా 56 ఉంటే మధ్యలో ముప్ఫై గజాల గండి. 60 డిగ్రీల మోజు మానేసి ముందు 50 డిగ్రీలది ఒకటి తెచ్చుకోండి. ఫేస్ మీది గాడులు బ్రష్‌తో తుడవండి, మట్టి నిండిన గాడి బంతిని పట్టుకోదు. అంతకుమించి సామాను మీద చెప్పేదేం లేదు.

బంకర్

గోల్ఫ్‌లో బంతిని కొట్టకుండా కొట్టే షాట్ ఇదొక్కటే. క్లబ్ బంతికి రెండంగుళాల వెనక ఇసుకలో దిగి, బంతి కిందుగా సాగి, ముందు బయటికొస్తుంది. అట్లకాడ అట్టు కిందకి దూరినట్టు ఫేస్ ఇసుక పొర కిందకి దూరాలి. ఆ పొరే బంతిని మోసుకుంటూ బయట పడేస్తుంది. క్లబ్‌కీ బంతికీ మధ్య ఇసుక ఉంటుంది, రెండూ తాకవు.

1930ల దాకా ఇది మేటి ఆటగాళ్లకి కూడా జూదమే. అప్పటి క్లబ్బులకి పదునైన అంచు ఉండేది, ఇసుకలో దిగితే బయటికి రావు. అమెరికన్ ఆటగాడు జీన్ సారజెన్ విమానం పైకి లేచే తీరు చూసి, తన క్లబ్ వెనక అడుగున సీసం అతికించి అరగదీసి కొత్త వెడ్జ్ తయారు చేసుకున్నాడు. 1932లో బ్రిటిష్ ఓపెన్‌ని దాంతోనే గెలిచాడు. పైన చెప్పిన బౌన్స్ పుట్టింది ఈ పని కోసమే. అంటే బంకర్లో చేతులు ముందుకి నెట్టి ఫేస్ మూసి కొట్టడమంటే సారజెన్ చేసిన పనంతా చెరిపేసుకోవడమే.

చెయ్యాల్సింది ఇది: ముందు ఫేస్ తెరవండి, ఆ తర్వాత గ్రిప్ పట్టుకోండి. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే కొట్టేటప్పుడు మళ్లీ మూసుకుపోతుంది. బంతి ముందుకాలు మడమకి ఎదురుగా ఉండాలి, పాదాలు ఇసుకలో కొద్దిగా పాతుకోవాలి. స్వింగ్ మీరనుకున్న దానికన్నా పెద్దదే కావాలి, ఎందుకంటే ఇసుక బలమంతా తినేస్తుంది. అదే దూరానికి గడ్డి మీద పిచ్‌కి (ఎత్తుగా లేపే షాట్‌కి) వాడే బలానికి కనీసం రెట్టింపు. మనవాళ్ల షాట్లు బంకర్లోనే ఉండిపోయేది ఎక్కువగా ఇందుకే: మొదలు బాగానే పెడతారు, బంతి దాటిపోతుందేమో అన్న టెన్షన్‌లో ఇసుక దగ్గర ఆపేస్తారు. ఆపకూడదు. చేతులు ఛాతీ ఎత్తుదాకా వెళ్లాలి.

వాన పడి గట్టిపడిన ఇసుకలో ఇదంతా కొంచెం మారుతుంది. అక్కడ బౌన్స్ ఎగిరి తలకి తగులుతుంది, ఫేస్ అంత తెరవకూడదు. బంతి ఇసుకలో పూడుకుపోయి ఉంటే ఫేస్ సూటిగా పెట్టి, నిలువుగా దింపండి. బంతి తక్కువ ఎత్తులో వచ్చి చాలా దూరం దొర్లుతుంది, దానికి సిద్ధపడండి.

రూల్స్ తెలియక పోయే స్ట్రోకులు కూడా ఇక్కడే ఎక్కువ. 2019 నుంచి బంకర్లో రాలిన ఆకులు, చిన్న రాళ్లు తీసెయ్యొచ్చు. కానీ బంతికి సరిగ్గా ముందూ వెనకా ఇసుకని క్లబ్‌తో తాకకూడదు, ప్రాక్టీస్ స్వింగ్‌లో తాకకూడదు, కొట్టే స్వింగ్ వెనక్కి వెళ్లేటప్పుడు కూడా తాకకూడదు. తాకితే రెండు స్ట్రోకులు జరిమానా.

ఈ చివరిదానికి అందరికీ తెలిసిన ఉదాహరణ మన తెలుగు కుటుంబంలో పుట్టిన కుర్రాడిదే. కాలిఫోర్నియాలో పెరిగిన సాహిత్ తీగల 2024లో అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో బంకర్ నుంచి కొట్టాడు. వెనక్కి తీసుకెళ్లేటప్పుడు క్లబ్ కొన్ని ఇసుక రేణువుల్ని తాకినట్టు అతనికి అనిపించింది. ఎవరూ పట్టుకోలేదు, అతనే వెళ్లి అధికారులకి చెప్పాడు. రెండు స్ట్రోకులు పడ్డాయి. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. ఆ రెండూ లేకపోతే రెండో స్థానంలో ఉన్న కొలిన్ మొరికావాతో సమానంగా ఉండేవాడు. ఆ టోర్నీలో ఒక్కో స్థానానికీ మధ్య తేడా లక్షల డాలర్లలో ఉంటుంది.

మనకి పనికొచ్చే రూల్ ఇంకొకటి 2019లోనే వచ్చింది. బంకర్లోంచి బయట పడే దారి లేదనిపిస్తే బంతి అన్‌ప్లేయబుల్ అని ప్రకటించి, రెండు స్ట్రోకుల జరిమానాతో జెండాకీ బంతికీ గీసిన గీత మీద వెనక్కి, బంకర్ బయట డ్రాప్ చేసుకోవచ్చు. నిలువెత్తు గోడ కింద బంతి ఇరుక్కుని, ఇప్పటికే రెండుసార్లు కొట్టి కదలకపోతే ఇది చౌకే. పరువు అడ్డొచ్చి ఎవరూ వాడరు గానీ.

ముప్ఫై నుంచి ఎనభై గజాలు

ఈ నడిమి దూరాలు ఎవరికీ ఇష్టముండవు. పూర్తి స్వింగ్ ఎక్కువవుతుంది, చిప్ చాలదు. నాసాలో పనిచేసి గోల్ఫ్‌లోకి వచ్చిన డేవ్ పెల్జ్ దీనికి గడియారం పద్ధతి చెప్పాడు. ముందుచేతిని గడియారం ముల్లుగా ఊహించుకుని వెనక్కి ఏడున్నర, తొమ్మిది, పదిన్నర దగ్గర ఆపడం, ముందుకి మాత్రం ప్రతిసారీ పూర్తిగా వెళ్లడం. మూడు వెడ్జ్‌లుంటే తొమ్మిది దూరాలు వస్తాయి. వాటిని ఒక చీటీ మీద రాసి బ్యాగులో పెట్టుకుంటే ‘కొంచెం మెల్లగా కొడదాం’ అనే ఊహ పోతుంది. వెనక్కి పెద్దగా తీసి కొట్టేటప్పుడు వేగం తగ్గించడమే ఈ దూరాల్లో జరిగే పెద్ద తప్పు. దూరం వెనక్కి తీసేటప్పుడే తేలిపోవాలి.

పట్టింగ్: గీత కన్నా వేగం

హోల్ వ్యాసం 4.25 అంగుళాలు, బంతి వ్యాసం 1.68 అంగుళాలు. చూడటానికి బోలెడు చోటు. కానీ ఆ చోటంతా నెమ్మదిగా వచ్చే బంతికే. వేగంగా వచ్చే బంతికి హోల్ మధ్య భాగం ఒక్కటే పనికొస్తుంది, అంచుకి వస్తే గిర్రున తిరిగి బయటికొస్తుంది. మరీ నెమ్మదిగా వస్తే హోల్ చుట్టూ జనం తొక్కిన గుంటలు దారి మళ్లిస్తాయి. పెల్జ్ కొలిచి చెప్పింది ఏమిటంటే, హోల్ లేకపోతే 17 అంగుళాలు దాటి ఆగేంత వేగం మేలని. ఆ అంకెతో వాదించేవాళ్లున్నారు, దిగువ పట్‌లకి అది ఎక్కువే. కానీ దాటిన బంతికి మాత్రమే పడే అవకాశం ఉంటుందన్నది ఎవరూ కాదనరు.

టూర్ ఆటగాళ్లు కూడా 33 అడుగుల నుంచి సగటున రెండు పట్‌లు కొడతారు. అంటే ఆ దూరం నుంచి మీరు వెయ్యాలని చూడటం వృథా. మూడు పట్‌లు ఎందుకు పడతాయో గమనించండి: మొదటిది గీత తప్పి పక్కకి ఆరడుగులు వెళ్లడం అరుదు, ఆరడుగులు తక్కువ పడటమో, ఆరడుగులు దాటడమో ప్రతి రౌండులోనూ ఉంటుంది. అయినా మనం గీత కోసం కూర్చుని, లేచి, అటు నుంచి చూసి, బంతి మీద గీసిన గీత సరిచేసుకుంటాం. వేగం కోసం ఒక్క ప్రాక్టీస్ స్ట్రోకు కూడా కొట్టం. హోల్ వైపు చూస్తూ రెండు ప్రాక్టీస్ స్ట్రోకులు ఊపడం మేలు.

గ్రీన్ వేగం కోసం స్టింప్‌మీటర్ అనే మూడడుగుల లోహపు కడ్డీ ఉంటుంది. దాని గాడిలోంచి జారిన బంతి చదునులో ఎన్ని అడుగులు దొర్లితే అది ఆ గ్రీన్ వేగం. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు తయారు చేశాడు. మామూలు క్లబ్బుల్లో ఎనిమిది, తొమ్మిది ఉంటే టూర్లో పదకొండు, పన్నెండు. కడ్డీ మీ దగ్గర అక్కర్లేదు. రౌండు ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద హోల్ చూడకుండా మూడు అంగల స్ట్రోకు, ఆరు అంగల స్ట్రోకు, పది అంగల స్ట్రోకు కొట్టి ఎక్కడ ఆగుతుందో చూసుకుంటే ఆ రోజుకి సరిపోతుంది.

టీవీలో అమెరికా ఉత్తరాది కోర్సులు చూసి నేర్చుకున్నవాళ్లకి మన దగ్గర ఒకటి తెలియదు: గడ్డి వాలు. దక్షిణాది వేడికి తట్టుకునేది బెర్ముడా గడ్డి. ఇది నిటారుగా కాకుండా ఒక వైపుకి పాకుతూ పెరుగుతుంది. దాని వాలులో బంతి వేగంగా వెళుతుంది, ఎదురుగా కొడితే ఆగిపోతుంది, అడ్డంగా కొడితే ఆ వైపుకి లాగుతుంది. కనిపెట్టడం కష్టం కాదు. బంతి వెనక నిలబడి చూస్తే గడ్డి మెరుస్తుంటే మీకు అనుకూలం, ముదురాకుపచ్చగా కనిపిస్తే ఎదురు. ఇంకా నమ్మకమైన గుర్తు హోల్ అంచు దగ్గర ఉంటుంది. మధ్యాహ్నానికి హోల్‌కి ఒక పక్క అంచు పదునుగా పచ్చగా ఉంటుంది, ఎదుటి పక్క ఎండి చెదిరి ఉంటుంది. గడ్డి పెరిగేది ఆ చెదిరిన పక్కకి. చిప్‌లకి కూడా ఇది వర్తిస్తుంది: గడ్డికి ఎదురుగా చిప్ కొట్టాల్సి వస్తే వెడ్జ్ ముందంచు ఇట్టే చిక్కుకుంటుంది, అక్కడ పట్టరో, ఏడు ఐరనో తియ్యండి. క్యాడీకి ఇవన్నీ తెలుసు. అడిగేవాళ్లే తక్కువ.

ప్రాక్టీసు ఎలా

ఒకే చోట నిలబడి యాభై బంతులు ఒకే గురికి చిప్ చేస్తే చివరి పది అద్భుతంగా వస్తాయి. కోర్సులో అది పనికిరాదు, అక్కడ ప్రతి చోటూ కొత్తదే, అవకాశం ఒక్కటే. అందుకే మొదటి పది నిమిషాలు టవల్ పెట్టుకుని స్ట్రోకు సరిచేసుకున్నాక ఒకే ఒక్క బంతి తీసుకోండి. ప్రాక్టీస్ గ్రీన్ చుట్టూ తొమ్మిది చోట్లు మీరే ఎంచుకోండి: మూడు తేలిక, మూడు మధ్యరకం, మూడు కష్టం. ప్రతి చోటి నుంచి ఒక చిప్ కొట్టి, పట్‌తో ముగించండి. ఒక్కోదానికి పార్ రెండు, మొత్తం పార్ 18. మొదట్లో 25 దాటుతుంది. చివరికి వచ్చిన అంకె కన్నా, నాలుగు పడిన చోట్లు ఎన్నో రాసుకోండి, అవి తగ్గుతుంటే కోర్సులో స్కోరు తగ్గుతుంది.

ప్రాక్టీస్ గ్రీన్ లేని క్లబ్బులో ఆడేవాళ్లకి రూల్సులోనే ఒక వెసులుబాటు ఉంది. ఒక హోల్ పూర్తయ్యాక, తర్వాతి హోల్ మొదలుపెట్టేలోగా, అప్పుడే ముగించిన గ్రీన్ మీదా దాని పక్కనా చిప్‌లూ పట్‌లూ ప్రాక్టీస్ చేసుకోవచ్చు, ఆటని ఆలస్యం చెయ్యనంత వరకు. కమిటీ దాన్ని నిషేధించిందో లేదో స్థానిక రూల్స్ బోర్డు మీద చూసుకోండి. వెనక గ్రూపు ఫెయిర్‌వేలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటే మాత్రం బంతి జేబులో వేసుకుని కదలండి.